కన్నులతో విను భాషకు దుబాసీలు

ఏనుగుల వీరాస్వామయ్యగారిని కాశీయాత్ర చరిత్ర వ్రాసిన యాత్రికునిగా ఎరిగినవారు పెక్కుమంది గాని, 1830లో ఆయన కాశికి బయలుదేరునాటికి ఆయన జీవిక చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీతనమనియు, సాక్షి దేశభాషలో చెప్పినదానిని దొరలకును, దొరలు ఇంగ్లీషులో పలికినదానిని కక్షిదారులకును పొల్లుపోకుండ చేరవేయుట ఆయన నిత్యకృత్యమనియు తలచుకొనువారు కొద్దిమంది. చేరవేయువాడు ఒక్క మాట తప్పినచో ఒకని ఆస్తియో, మానమో, ఒక్కొక్కప్పుడు ప్రాణమో పోవును గనుక ఆ వృత్తి బాధ్యత సామాన్యమైనది కాదు. దాదాపు రెండువందల యేండ్లకు పిమ్మట, 2023 సెప్టెంబరులో, ఢిల్లీలోని సుప్రీంకోర్టు ఆన్‌లైన్ విచారణకు సారా సన్నీ అను బధిర న్యాయవాది హాజరైనపుడు, ఆమెకు వాదప్రతివాదములను సంజ్ఞాభాషలో తెలుపు ఇంటర్‌ప్రెటరు కూడ తెరమీద కనిపించుటకు నాటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ అనుమతించిరి. మరుసటి నెలలో న్యాయస్థానమే ఆమె కొరకు స్వయముగా ఒక ఇంటర్‌ప్రెటరును ఏర్పాటు చేసెను. పత్రికలు దానిని విశేషవార్తగా ప్రకటించినవి. మాట వినరాని పౌరునకు న్యాయస్థానమున దుబాసీ లభించుట 2023వ సంవత్సరమున కూడ విశేషవార్త కావలసివచ్చెనే యను బాధ ఆ సంతోషముతోపాటే నా మనస్సున నాటుకొనినది.

2011 జనగణన ప్రకారము మనదేశమున వినికిడి లోపము గలవారు 50 లక్షలకు పైబడియున్నారు. వారిలో వార్ధక్యమున చెవులు మందగించినవారును, యంత్రముల సాయమున వినగలవారును పలువురు ఉందురు గాన అందరును సంజ్ఞాభాషీయులని చెప్పరాదు. అయినను పుట్టుకతోనో, పసితనపు జ్వరముతోనో శబ్దప్రపంచమునకు దూరమై, చేతులతో పలుకుచు కన్నులతో వినుచు బ్రతుకు సాగించు జనము లక్షలలో నుండగా, వారికిని తక్కిన లోకమునకును నడుమ నిలిచి మాట చేరవేయుటకు శిక్షణపొందిన దుబాసీలు మాత్రము దేశమంతట వెదకినను వందల లెక్కకే వత్తురు. వీరు వేలు కావలెనని అందరును అందురు. ఎట్లు కావలెనను చోట మాత్రము మాటలు తడబడును. నా విశ్వాసము ఒక్కటే: సంజ్ఞాభాషా దుబాసీని తయారుచేయువారు బధిరులే; తరగతి గది, పుస్తకము, పరీక్ష, డిప్లొమా ఇవన్నియు ఆ సాంగత్యము కుదురుటకు ఏర్పరచిన వసతులు మాత్రమే.

సైగలు అనగానే మనలో చాలమందికి రెండు అపోహలు కలుగును. ప్రపంచమంతటను సైగలు ఒక్కటేననుట మొదటిది. అమెరికా, బ్రిటన్ దేశములు రెండింటను పలుకుబడి ఇంగ్లీషే అయినను అక్కడి బధిరులు ఒకరి మాట ఒకరికి తెలియనంత భిన్నమైన సంజ్ఞాభాషలు వాడుదురు. అమెరికావారి భాష పారిస్ నగరమునుండి 1816లో ఆ దేశమునకు వెళ్లిన లారెంట్ క్లెర్క్ అను బధిర ఉపాధ్యాయుని మూలమున ఫ్రెంచి సంజ్ఞాభాషకు దగ్గర చుట్టము. అమెరికావారు ఇంగ్లీషు అక్షరములను ఒంటిచేతితో చూపుదురు. బ్రిటన్‌లోను మనదేశములోను రెండు చేతులు వాడుదురు. ఒక చేతి అయిదు వ్రేళ్ల కొనలే ఇంగ్లీషు అచ్చులు. బొటనవ్రేలి కొనను తాకినచో ‘ఏ’, చిటికెనవ్రేలి కొనను తాకినచో ‘యు’. ఇక రెండవ అపోహ మన సంస్కారమునుండియే పుట్టినది. చీరాల ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఇంగ్లీషులోనికి తెచ్చి 1917లో ప్రకటించిరి. పతాక, త్రిపతాక హస్తములు మనకు పసినాటినుండి పరిచితములు. కావున సంజ్ఞాభాషను చూచినంతనే అదియు ఒకవిధమైన నాట్యాభినయమని భ్రమించుట మనకు సహజము. కాని నర్తకి హస్తము వెనుక ఒక పాట ఉన్నది, ఆ పాటకు హస్తము తోడు నడచును. బధిరుని హస్తమునకు వెనుక వేరొక భాష లేదు. అతడు ఆ చేతులతోనే బేరమాడును, చమత్కరించును, పోట్లాడును, అబద్ధమాడును, దేవుడున్నాడా లేడా యని తర్కించును. సంజ్ఞాభాషకు తక్కిన భాషలవలెనే అంతర్నిర్మాణము కలదని అమెరికాలో విలియం స్టోకీ అను పండితుడు 1960లో ప్రకటించిన గ్రంథము సోపపత్తికముగా నిరూపించినది. కాని బధిరులు ఆ సంగతి నెరుగుటకు ఆ గ్రంథము కొరకు ఎదురుచూచినవారు కారు.

భారతీయ సంజ్ఞాభాషా వ్యాకరణము ఇంగ్లీషు పట్టుబడినవానికంటె తెలుగు పట్టుబడినవానికి త్వరగా వశమగుననుట అతిశయోక్తి కాదు. మన వాక్యమునందువలెనే అందును క్రియ సాధారణముగా తుదకు వచ్చును. ‘ఇది పుస్తకం’ అనుటకు మనకు వేరొక క్రియ అక్కరలేనట్లే దానికిని అక్కరలేదు. కాదు, లేదు అను నిషేధము క్రియను అనుసరించి వచ్చును. ‘నీ పేరేమిటి’ అనునపుడు మనకువలెనే ప్రశ్నార్థకము చిట్టచివర నిలుచును. ప్రశ్నకు సామాన్యమైన సంజ్ఞ ఒకటి యుండి, అది ముఖమను సంజ్ఞతో కూడినపుడు ‘ఎవరు’ అనియు, స్థలమను సంజ్ఞతో కూడినపుడు ‘ఎక్కడ’ అనియు, కాలమను సంజ్ఞతో కూడినపుడు ‘ఎప్పుడు’ అనియు అర్థమిచ్చును. ఇంత సౌలభ్యముండగా మన విద్యార్థులు ప్రతి సంజ్ఞకును ప్రక్కన ఒక ఇంగ్లీషు మాట వ్రాసికొని, ఆ మాటలను ఇంగ్లీషు వరుసలో పేర్చి చేతులాడించి, తాము భాష నేర్చితిమనుకొనుట చూడగా జాలి కలుగును. అది చేతులతో చేయు ఇంగ్లీషు. బధిరుడు దానిని మర్యాదకొరకు చూచునే గాని అందులో అతనికి చిక్కునది స్వల్పము.

మంచి శిక్షణాలయమున తొలినాళ్లనుండియే నోరు విప్పరాదను నియమముండును. ఉపాధ్యాయుడు బధిరుడు. తరగతి నిశ్శబ్దము గాని నిశ్చలము కాదు. బల్లపై తట్టుటచేతను, దీపము ఆర్పి వెలిగించుటచేతను, భుజము తాకుటచేతను పిలుపులు సాగుచుండును. ఒకడు బాగుగ చేసినపుడు తక్కినవారు రెండు చేతులు పైకెత్తి వ్రేళ్లు కదలించుటే చప్పట్లు. నేను చూచిన ఒక పాఠమున ఉపాధ్యాయుడు చిన్న కథ చెప్పెను: పల్లెబాటలో వచ్చుచున్న బస్సుకు గేదె అడ్డముగా నిలిచినది, డ్రైవరు హారను మ్రోగించెను, గేదె కదలలేదు, కండక్టరు దిగి తోక పట్టి లాగెను. అరనిమిషపు కథ. దానిని తిరిగి చెప్పుటకు లేచిన అమ్మాయి సంజ్ఞలన్నియు తప్పులేకుండ చేసినది; కాని బస్సును తన కుడిప్రక్కనుండి నడిపించి, గేదెను ఎడమప్రక్క నిలిపి, డ్రైవరుగా మారినపుడు కుడివైపునకే కోపముగా చూచినది. ఉపాధ్యాయుడు ఆమెను ఆపి, కనుబొమలు ముడిచి, ‘డ్రైవరు ఎవరిమీద కేకలు వేయుచున్నాడు, గేదె ఏదీ’ అని అడిగెను. ఆమె మరల చేసినది. ఈసారి చూపు సరిగా నిలిచినది గాని, లాగునపుడు తోక గేదె తలవైపున మొలిచినది. మూడవమారు కథ నిలిచినది.

ఆ పాఠములో భాషారహస్యమంతయు ఉన్నది. మనము మాటలను కాలములో ఒకదానివెనుక నొకటి పేర్చుదుము. వారు వాటిని ఎదుటి శూన్యమున స్థాపింతురు. కుడిప్రక్క ఒకమారు తండ్రిని, ఎడమప్రక్క కొడుకును నిలిపినచో, ఆ మీదట ‘ఇచ్చు’ అను సంజ్ఞ కుడినుండి ఎడమకు కదలినంతనే తండ్రి కొడుకునకిచ్చెనని తెలియును. దిశ మారినచో దాత గ్రహీత యగును. మనము, మేము అను రెండింటికి గల భేదము ఇంగ్లీషు విద్యార్థికి పాఠముగా చెప్పవలసినదే గాని, చేయి ఎదుటివానిని కలుపుకొని తిరిగెనా, విడిచి తిరిగెనా యనుటలో ఆ భేదమంతయు తెలుగు విద్యార్థికి చూడగనే స్ఫురించును. చేతులు చూపునది సగము. బుగ్గలు, పెదవులు, కనుబొమలు, తల యొరగు తీరు మిగిలిన సగము. అవును కాదు అను సమాధానము కోరు ప్రశ్నకును, ఊరక చెప్పు వాక్యమునకును చేతులలో భేదమేమియు లేకపోవచ్చును, పైకెత్తిన కనుబొమలలో ఉండును. అందుచేతనే క్రొత్తవాడు ఎదుటివాని చేతులను తేరిపార చూచుచుండగా, భాష వచ్చినవాడు ముఖమును చూచుచు చేతులను చూపు అంచున గ్రహించును. ఈ చూపు పుస్తకమువలన రాదు, వీడియోవలన సగమే వచ్చును. బధిరులతో కూర్చుండి, తేనీరు త్రాగి, వారి పెండ్లిండ్లకు పోయి, వారు పరిహాసమాడినపుడు ఆలస్యముగానైనను నవ్వగలిగినంతకాలము తిరిగినపుడు వచ్చును. అట్లు తిరిగినవానికి ఒకనాడు వారే ఒక పేరు పెట్టుదురు: బుగ్గమీది సొట్టనో, కండ్లజోడునో, జుట్టు సర్దుకొను అలవాటునో పట్టి ఏర్పడిన ఒక సంజ్ఞ. తనకు తాను ఆ పేరు పెట్టుకొనుట మర్యాద కాదు.

ఇట్టి ఉపాధ్యాయులు మనకు ఏల అరుదైరనగా, అందుకు ఒక చరిత్ర కలదు. 1880లో ఇటలీలోని మిలాన్ నగరమున సమావేశమైన బధిరవిద్యా నిపుణులు పాఠశాలలందు సంజ్ఞలకు చోటుండరాదనియు, నోటిమాటయే నేర్పవలెననియు తీర్మానించిరి. ఆ తీర్మానపు నీడ మన దేశమునందలి బడులమీద కూడ దీర్ఘకాలము పడినది. పిల్లలు చేతులు కట్టుకొని గురువుల పెదవులు చూచుచు, అందని శబ్దమునకై గొంతు చించుకొనుచు బాల్యము గడపిరి. భాష మాత్రము చావలేదు. వసతిగృహపు వరండాలలో, రాత్రి దీపము క్రింద, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు దానిని అందించిరి. మిలాన్ తీర్మానములను నిపుణుల సభ తిరస్కరించి పశ్చాత్తాపము ప్రకటించినది 2010లో, వాంకూవరు నగరమున. నడుమ గడచినది నూటముప్పది యేండ్లు. భాష నెరిగిన బధిరులు డిగ్రీలు లేనివారై, డిగ్రీలు గల ఉపాధ్యాయులు భాష రానివారై మిగిలిన దురవస్థకు మూలమిదియే. భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రము, బధిరసంఘముల చిరకాల పోరాటము తరువాత, 2015 సెప్టెంబరు 28న ఢిల్లీలో ఏర్పడినది. ఆ కేంద్రము కూర్చిన సంజ్ఞానిఘంటువు 2018లో 3 వేల పదములతో వెలువడి, 2021 నాటికి 10 వేల పదములకు పెరిగినది. వినగలవారికి దుబాసీతనమున రెండేండ్ల డిప్లొమాను, బధిరులకు సంజ్ఞాభాషాబోధనమున వేరొక డిప్లొమాను అది నడుపుచున్నది.

భాష వచ్చుట వేరు, దుబాసీతనము వేరు. మన ఇండ్లలో తెలుగు, ఇంగ్లీషు రెండును వచ్చినవారు కోకొల్లలు. వారిలో ఒక వైద్యుని ఇంగ్లీషును రోగికి తడుముకొనకుండ తెలుగులో అప్పటికప్పుడు చెప్పగలవారు ఎందరు? వినుచునే చేయి కదలించుట, చేయి కదలించుచునే తరువాతి మాట వినుట అను ఈ ద్విముఖవ్యాపారమున మొదట అలవడవలసినది ఆగుట. ‘ఈ గడ్డకు వచ్చే వారమే ఆపరేషన్ చేయవలసిన అవసరం మీకు ఇప్పటికైతే లేదండీ’ అని వైద్యుడు అనినపుడు, తొందరపడి ‘ఆపరేషన్, వచ్చే వారం’ అని చేతులు చూపినవాడు చివరి ‘లేదు’ వచ్చులోపల ఆ రోగి గుండె ఆపివేసినవాడగును. తెలుగువాక్యమున తీర్పు తుదను ఉండును గనుక తెలుగు దుబాసీ అర్థము నిలుచువరకు మాటను మనస్సున మోయగలవాడు కావలెను. భోజనమునకు ముందు మాత్ర వేసికొనవలెనని చెప్పునపుడు కంటికి తోచు వరుస, కాలమున జరుగు వరుస ఒకటి కావలెను: మొదట మాత్ర, పిదప అన్నము. అక్షరాల మాటల వెంట పోయి అన్నమును ముందు చూపినచో ప్రమాదము.

బధిరుని సంజ్ఞలకు గొంతునిచ్చునపుడు మరొక విధమైన చిక్కు. దుబాసీ ‘నేను’ అనవలెను. ‘ఆమెకు కడుపునొప్పట’ అనరాదు, ‘నాకు కడుపునొప్పిగా ఉంది’ అనవలెను, అప్పుడే వైద్యుని చూపు దుబాసీ మీదనుండి రోగిమీదికి మరలును. ఇందు తెలుగు మనకు మేలు చేసినది. హిందీలోవలె ఉత్తమపురుషక్రియలో స్త్రీపుంభేదము లేకపోవుటచే పురుషుడైన దుబాసీ స్త్రీ మాటను చెప్పినను చెవికి ఎబ్బెట్టు కాదు. కాని ప్రథమపురుషకు వచ్చుసరికి తెలుగే పరీక్ష పెట్టును. బధిరుడు వ్రేలు చూపి చెప్పిన మనిషి వాడా, అతడా, ఆయనా? ఆమెయా, ఆవిడా, అదియా? సంజ్ఞలో ఆ గౌరవము ఒక సర్వనామములో లేదు. తల వంచిన తీరులో, ముఖపు బిగువులో ఉన్నది. తహశీల్దారు ఎదుట ఒక బధిర రైతు తన దాయాదిని గూర్చి ఫిర్యాదు చేయుచుండగా దుబాసీ ‘వాడు’ అనినచో రైతు మొరటువాడుగా కనిపించును, ‘వారు’ అనినచో అతని కోపము చల్లారిపోవును. ఏది రైతు మనస్సో అది ఆ క్షణముననే నిర్ణయింపవలెను. ఈ నిర్ణయము నేర్పు పాఠము ఇంగ్లీషుమీదనో హిందీమీదనో కట్టిన పాఠ్యక్రమమున దొరకదు. తెలుగునాట తెలుగువారే నిర్మించుకొనవలెను.

న్యాయస్థానమున, పోలీసుఠాణాలో ఈ క్లేశము మరింత తీవ్రము. ‘అతను నిన్ను కొట్టాడా?’ అని న్యాయవాది అడుగును. తెలుగున కొట్టుట అనునది కర్రతోనో, చేతితోనో, పిడికిలితోనో తెలుపకయే చెప్పగల క్రియ. సంజ్ఞలో కొట్టుట సాధారణముగా ఏదో ఒక రీతిని కొట్టుటగానే కనిపించును. దుబాసీ చెంపదెబ్బగా చూపినచో సాక్షికి సమాధానము అందించినట్లే యగును. కావున శిక్షితుడైన దుబాసీ ప్రశ్నను అక్కడనే ఆపి, ‘ఈ ప్రశ్నను ఇట్లే అడిగినచో జవాబు సూచించినట్లగును, వేరొక విధముగ అడుగుటకు అనుమతి కావలెను’ అని న్యాయమూర్తికి విన్నవింపవలెను. మాటలాడలేని సాక్షి వాఙ్మూలము నమోదుచేయునపుడు దుబాసీ సాయమో ప్రత్యేక విద్యావేత్త సాయమో తీసికొనవలెననియు, దానిని వీడియో తీయవలెననియు 2013లో సాక్ష్యచట్టమునకు జరిగిన సవరణ విధించినది. అత్యాచారబాధితురాలైన బధిర బాలిక తన కథను చెప్పునపుడు గదిలో నున్న దుబాసీ ఎవరో దారిన పోవుచు నాలుగు సైగలు నేర్చినవాడైనచో ఆ చట్టమువలన ఆమెకు ఒరిగినదేమి?

నేడు ఈ పనిలో పెద్దభాగము ఇంటివారిమీదనే పడుచున్నది. బధిర దంపతులకు పుట్టిన వినగల బిడ్డలు సంజ్ఞాభాషను తల్లిపాలతో నేర్చినవారు. ప్రపంచమున తొలితరపు దుబాసీలలో పలువురు వారే. కాని పదేండ్ల పిల్ల తల్లికి గర్భసంచి వ్యాధిని గూర్చి వైద్యుడు చెప్పినది వివరింపవలసిరావడము, బ్యాంకు అప్పు తీర్చని తండ్రికి మేనేజరు పరుషవాక్యములను చేతులతో అందింపవలసిరావడము ఎంత బరువో ఊహింపుడు. అన్నయో వదినయో దుబాసీయైనచో బధిర స్త్రీ తన భర్త కొట్టుచున్నాడని వైద్యురాలికి చెప్పుకొను మార్గమే మూసికొనిపోవును. గోప్యము, నిష్పక్షపాతము, ఉన్నదున్నట్లు చెప్పుట అను మూడు నియమములు శిక్షణలో అంతగా నొక్కి చెప్పుట ఇందుకే. తక్కిన నియమములు చూపునకు చిన్నవి: చేతులు స్పష్టముగ కనిపించుటకు చర్మపు రంగుకు భిన్నమైన ఏకవర్ణ వస్త్రము, మెరియు ఉంగరములు గాజులు లేకపోవుట, వెలుతురు వెనుకనుండి కాక ముందునుండి పడునట్లు నిలుచుట. ఇరువది నిమిషములు దాటినచో మనస్సు అలయును, అర్థము జారును, ఆ జారుట దుబాసీకి తెలియకపోవుటయు కద్దు. అందుచే దీర్ఘమైన సభలకు ఇద్దరుండి వంతులు మార్చుకొందురు. ఒకని వేతనముతో దినమంతయు ఒకనినే నిలువబెట్టు నిర్వాహకులకు ఈ సంగతి ఎన్నిమార్లు చెప్పినను తక్కువే.

ఇక బడి ముఖమే చూడక, తోటి బధిరునితో ఒక్కనాడైనను కలియక, ఇంటిలో తల్లితో కల్పించుకొన్న పాతిక ముప్పది సైగలతో పెరిగిన పల్లెవాసులు కలరు. వారికి డిప్లొమా పొందిన వినగల దుబాసీ కూడ చాలడు. అట్టిచోట బధిరుడే దుబాసీగా నిలుచును: అతడు ఆ పల్లెవాని చూపును, చేష్టలను, బొమ్మలను పట్టుకొని అర్థము గ్రహించి సంజ్ఞాభాషలో పెట్టగా, వినగల దుబాసీ దానిని తెలుగులో పలుకును. వినగలవాడు ఎంత నేర్చినను చొరలేని చోట బధిరుడు సులభముగ చొరగలడు.

ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలో ఈ విద్యకు నేల లేకపోలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేర 1983లో బొంబాయిలో వెలసిన వినికిడి లోపము గలవారి జాతీయ సంస్థకు సికింద్రాబాదు మనోవికాసనగరులో ప్రాంతీయకేంద్రము చిరకాలముగ ఉన్నది. పట్టణములందు బధిరసంఘములు ఉన్నవి. ఇంటర్మీడియట్ ముగించి ఏ చదువు చదువుదమాయని ఆలోచించు పిల్లలకు కొరత లేదు. కొరత అంతయు రెండుచోట్ల. జిల్లా ఆసుపత్రిలో, కలెక్టరు కార్యాలయములో, న్యాయస్థానములో ఈ పనికి స్థిరమైన ఉద్యోగము, పిల్లలను పోషించుకొనదగిన జీతము ఏర్పడనిదే ఏ తండ్రియు తన బిడ్డను రెండేండ్లు ఈ చదువునకు పంపడు. రెండవది, బోధించు బధిరులు. సంజ్ఞాభాషయందు అర్హతగల ఉపాధ్యాయులను, వికలాంగులైన ఉపాధ్యాయులతో సహా, శిక్షణ యిచ్చి నియమింపవలెనని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వములను ఆదేశించుచున్నది. బడి ముగించి టైలరింగులోనో, కంప్యూటరు డేటా ఎంట్రీలోనో దినములు గడపుచున్న బధిర యువతీయువకులలో భాషాసంపన్నులను ఏరి, వారికి ముందుగా బోధనమున శిక్షణ యిప్పించి, జీతమిచ్చి బోధకపీఠమున కూర్చుండబెట్టిన తరువాతనే దుబాసీల తరగతికి దరఖాస్తులు పిలువవలెను. రాబోవు బడ్జెటులో రెండు ప్రభుత్వములును ఈ వరుసలోనే నిధులు కేటాయింపవలెనని నేను కోరుచున్నాను.